ఇటలీలో ఎక్కడ దిగాలి?

కాకినాడలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన బాబాయి, పిన్నితోనూ తోడల్లుడి దంపతులతోనూ కలిసి రెండు వారాలు ఇటలీ చూసి రావాలనుకుంటున్నాడు. అన్నకూతురు పాదువాలో ఎమ్మెస్సీ చదువుతోంది. బస ఎక్కడన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. ఈ తగువు చాలా తెలుగిళ్ళలో జరుగుతోందని, ఇందులో తేలవలసింది డబ్బు లెక్క ఒక్కటే కాదని నాకనిపించి, ఇద్దరి మాటలూ ఇక్కడ పెడుతున్నాను.

బాబాయి: బస సంగతి నేను తేల్చేశానమ్మలూ. నలుగురం, రెండు గదులు, పద్నాలుగు రాత్రులు. హోటళ్ళలో దిగితే విమానం ఖర్చుకి సమానంగా పోతుంది. అందుకని ప్రతి ఊళ్ళోనూ ఒక ఫ్లాటు చూశాను. రోమ్‌లో పాంథియన్ వెనక, ఫ్లోరెన్స్‌లో పెద్ద చర్చి పక్కసందులో, వెనిస్‌లో రియాల్టో వంతెన దగ్గర. రెండు పడగ్గదులు, వంటిల్లు. పొద్దున్నే కుక్కర్ పెట్టేసి, పెరుగన్నం డబ్బాలో వేసుకుని బయల్దేరితే మధ్యాహ్నం తిండి ఖర్చు కూడా మిగుల్తుంది.

అమ్మాయి: ఎన్ని ఊళ్ళు బాబాయ్?

బాబాయి: రోమ్, ఫ్లోరెన్స్, పీసా, చింక్వె తెర్రె, వెనిస్, మిలాన్, కోమో సరస్సు, మళ్ళీ కిందికొచ్చి నేపుల్స్, అమాల్ఫీ. ఒక్కోచోట ఒకటి రెండు రాత్రులు. అంత డబ్బు పోసి వెళ్తూ సగం వదిలేసి రావడం ఎందుకు?

అమ్మాయి: నీ ఖర్చు పెరిగేది అక్కడే. ఫ్లాటుకి రాత్రి అద్దె ఒకటీ, శుభ్రం చేసినందుకని ఇంకొకటీ కలుపుతారు. ఆ రెండోది ఒక్క రాత్రున్నా అంతే, వారం రోజులున్నా అంతే. రోజుకో ఊరు మారితే ప్రతిచోటా అది కట్టాలి. పైగా పదింటికి ఖాళీ చెయ్యమంటారు, అవతలి ఊళ్ళో మూడింటిదాకా తలుపు తియ్యరు. ఆ మధ్య నాలుగు పెట్టెలూ, నాలుగు జతల మోకాళ్ళూ స్టేషన్లో కూర్చోవాలి. పిన్నికి అసలే మోకాళ్ళు బాగాలేవు. ఆ పాత ఇళ్ళు చాలావాటికి లిఫ్టుండదు. ప్రకటనలో అడుగున చిన్న అక్షరాల్లో రాస్తారు.

బాబాయి: అయితే నువ్వు చెప్పు.

అమ్మాయి: మూడు చోట్ల దిగండి, చాలు. రోమ్‌లో ఒకటి, టస్కనీలో ఒకటి, ఇక్కడ వెనెతోలో ఒకటి. మిగతావి రైల్లో పొద్దున వెళ్ళి సాయంత్రం రావడమే. ఇక్కడ రెజొనాలే అని ప్యాసింజరు రైళ్ళుంటాయి. వాటి టికెట్టు ధర ముందు కొన్నా ఒకటే, అప్పటికప్పుడు కొన్నా ఒకటే. హైస్పీడ్ రైళ్ళలాగా రోజు దగ్గరపడేకొద్దీ పెరగదు. కాగితం టికెట్టైతే ఎక్కేముందు మిషన్లో ముద్ర వేయించుకోవాలి, మర్చిపోతే జరిమానా. ఫ్లోరెన్స్ బదులు పిస్తోయాలోనో ప్రాతోలోనో దిగితే గదుల ధర తేడా నీకే కనిపిస్తుంది. ప్రాతో నుంచి అరగంటలోపే ఫ్లోరెన్స్. చింక్వె తెర్రెలో రాత్రి ఉండాలనే ఉంటే ఆ ఊళ్ళలో గది వెతక్కు, లా స్పెజియాలో దిగు. అక్కడినుంచి మొదటి ఊరు రియోమజ్జోరె రైల్లో పది నిమిషాల లోపే. అమాల్ఫీ కూడా తప్పదంటే ఆ కొండల మీద కాకుండా సాలెర్నోలో దిగు. వెనిస్‌కి మా పాదువా ఉండనే ఉంది.

బాబాయి: అంటే నన్ను ఊరవతల పడుకోబెడతానంటావు. తిరపతి వెళ్ళి రేణిగుంటలో దిగమన్నట్టుంది నీ మాట.

అమ్మాయి: పాదువా ఊరవతల కాదు బాబాయ్! 1222లో పుట్టిన విశ్వవిద్యాలయం ఇది. గెలీలియో పద్దెనిమిదేళ్ళు ఇక్కడ పాఠం చెప్పాడు. జొత్తో గోడల నిండా బొమ్మలు వేసిన స్క్రొవేన్యీ చాపెల్ ఇక్కడుంది, ఏడువందల ఏళ్ళైనా ఆ నీలం అలాగే ఉంది. పిస్తోయా 2017లో ఇటలీ సాంస్కృతిక రాజధానిగా ఎంపికైన ఊరు. ఇవి మిగిలిపోయిన ఊళ్ళు కావు. పొద్దున్నే కూరగాయల సంత, మధ్యాహ్నం బడి నుంచి పిల్లలు, సాయంత్రం కూడలిలో ముసలాళ్ళ కబుర్లు. మనుషులు కాపురముండే ఊళ్ళు. కాఫీ ధర కూడా వాళ్ళు తాగగలిగేట్టే ఉంటుంది.

బాబాయి: అవన్నీ బాగానే ఉన్నాయి. వెనిస్ విషయంలో మాత్రం నీ మాట వినను. లెక్క చెప్తాను విను. పాదువా నుంచి రానూపోనూ టికెట్లు నలుగురికి. స్టేషన్ దిగాక పిన్ని వంతెనలెక్కి నడవలేదు కాబట్టి పడవ బస్సు. ఒక్కో మనిషికి తొమ్మిదిన్నర యూరోలు, అదీ డెబ్బై అయిదు నిమిషాలకే. నలుగురికి ముప్ఫై ఎనిమిది. వెనక్కి రావడానికి మళ్ళీ ముప్ఫై ఎనిమిది. అదికాక పగటిపూట వచ్చి పోయేవాళ్ళ మీద వెనిస్ 2024 ఏప్రిల్ 25 నుంచి రుసుము పెట్టిందిగా. కొన్ని రోజుల్లోనేలే. మొదటేడు ఐదు యూరోలు, రెండో ఏడు ఆఖరి నిమిషంలో కడితే పది. ఊళ్ళో రాత్రి నిద్ర చేసేవాళ్ళకి మాఫీ. ఆ ఊరే చెప్తోంది కదా, వస్తే ఉండు, చూసి పారిపోకు అని.

అమ్మాయి: మేస్త్రేలో దిగినా మాఫీయే. అది వెనిస్ మునిసిపాలిటీ కిందికే వస్తుంది. స్టేషనెదుటే హోటళ్ళు. రైలెక్కితే పదీ పన్నెండు నిమిషాల్లో ఉప్పునీటి సరస్సు మీది వంతెన దాటి వెనిస్‌లో ఉంటారు.

బాబాయి: మేస్త్రే గురించి చదివాను. నిద్రపోవడానికి సరిపోతుంది. కానీ వెనిస్‌ని జనం చూసేది పదింటి నుంచి ఐదింటిదాకా, భుజానికి భుజం తగిలే తిరునాళ్ళలో. ఆ జనమంతా సాయంత్రం రైలెక్కి పోయాక ఆ సందుల్లో అడుగుల చప్పుడు తప్ప మోటారు మోత ఉండదంటారే, దానికోసం కదా నేను వచ్చేది! తెల్లారగట్ల కూరగాయల పడవలు వస్తాయట. అవి చూడకుండా వెనిస్ చూశానని ఎలా చెప్పుకోను? చవకని మేస్త్రేలో పడుకుని, మధ్యాహ్నప్పూట తోపులాటలో వెనిస్ చూసి వస్తే ఆ డబ్బు దండగ. రెండు రాత్రులు వద్దు, ఒక్క రాత్రైనా లోపలే ఉండాలి.

(ఇక్కడ నేను బాబాయి పక్షం. వెనిస్ విషయంలో గది ధర ఒక్కటే చూస్తే పొరపాటు. మిగతా ఊళ్ళలో రాత్రి దూరంగా పడుకున్నా పోయేది తక్కువ. వెనిస్‌లో పోయేదే రాత్రి.)

అమ్మాయి: సరే, ఒప్పుకున్నాను. లోపలే ఉండండి. ఫ్లాటు మాత్రం వద్దు.

బాబాయి: ఎందుకొద్దు? చవక, వంటిల్లు, నలుగురం ఒకచోట.

అమ్మాయి: రియాల్టో దగ్గర ఒక మందుల షాపు కిటికీలో అంకెల బోర్డుంది బాబాయ్. 2008 నుంచీ ఉంది. దాని మీద ఉన్నది వెనిస్ పాతనగరంలో కాపురముంటున్నవాళ్ళ సంఖ్య. 1951లో ఆ ద్వీపాల్లో లక్షా డెబ్బై వేల పైచిలుకు జనం. 2022 ఆగస్టులో యాభై వేల కిందికి దిగింది. మరుసటి ఏడాదికి ఊళ్ళో మనుషులకన్నా యాత్రికుల మంచాలే ఎక్కువయ్యాయి. నువ్వు చూసిపెట్టిన ఫ్లాటులో ఒకప్పుడు ఒక కుటుంబం ఉండేది. ఆ ఇంటికి నెల అద్దెకన్నా రాత్రి అద్దె లాభం కాబట్టే ఖాళీ అయింది. వాళ్ళు పోయాక కింద బేకరీ పోయి ముసుగుల దుకాణం వచ్చింది. ఇంకొన్నాళ్ళకి బడి మూసేస్తారు. నువ్వు తెల్లారగట్ల చూద్దామనుకుంటున్న కూరగాయల పడవ ఎవరి కోసం వస్తుందనుకున్నావు? అక్కడ వండుకు తినేవాళ్ళుంటేనే వస్తుంది.

బాబాయి: వండుకుంటామని నేనూ చెప్తున్నానుగా.

అమ్మాయి: ఒక్క రాత్రి! కాపురమున్నవాళ్ళు ఏడాదంతా వండుకుంటారు.

బాబాయి: చూడమ్మలూ. నేను బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు అప్పులిచ్చినవాణ్ణి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళంతా దుర్మార్గులు కారు. భర్త పోయిన ముసలావిడ ఉంటుంది, కొడుకు మిలాన్ వెళ్ళిపోయుంటాడు, ఖాళీ గదిని అద్దెకిచ్చుకుని పింఛనుకి నాలుగు డబ్బులు కలుపుకుంటుంది. ఆవిడ పొట్ట కొట్టమంటావా? అయినా వెనిస్ ఖాళీ అవ్వకుండా చూడాల్సింది వాళ్ళ మేయరు, వాళ్ళ పార్లమెంటు. జీవితంలో ఒక్కసారి వచ్చి పోయే కాకినాడ ముసలాడి మీద పెడతావేంటి ఆ భారం?

అమ్మాయి: ఆ ముసలావిడ దగ్గర దిగు, నేనే దగ్గరుండి దింపుతాను. ఇంట్లో తను ఉంటూ గది అద్దెకిచ్చేవాళ్ళు వేరు. వాళ్ళు పొద్దున కాఫీ ఇస్తారు, ఏ చర్చి ఎప్పుడు తెరుస్తారో చెప్తారు. నేను వద్దంటున్నది ఓనరెవరో తెలియని ఫ్లాటు. ఒకే కంపెనీ చేతిలో పదులకొద్దీ ఇళ్ళు, గుమ్మం పక్కన తాళంచెవి దాచిన చిన్న నంబరు పెట్టె, నీకు మనిషి మొహం కనిపించదు. ఫ్లోరెన్స్ ఊరికే చెయ్యలేదు. 2023 అక్టోబరులో పాతనగరంలో కొత్తగా అలాంటి ఇళ్ళు తెరవడానికి వీల్లేదని తీర్మానించింది, తర్వాత ఆ తాళంచెవి పెట్టెల్ని కూడా అక్కడ నిషేధించింది. వాళ్ళ మేయర్లు చూసుకోవాలన్నావుగా, చూసుకుంటున్నారు. వాళ్ళు ఒక పక్క ఆపుతుంటే మనం ఇంకో పక్క డబ్బు పొయ్యడమెందుకు?

బాబాయి: నీకింత కోపమేంటి ఫ్లాట్ల మీద?

అమ్మాయి: నేను అద్దెకుండేదాన్ని కాబట్టి. పాదువాలో గది దొరకడానికి నేను పడ్డ అవస్థ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు. ఫోన్ చేస్తే విద్యార్థులకి ఇవ్వం అంటారు, యాత్రికులకైతే రాత్రి లెక్కన ఇస్తామంటారు. తెలుగు పిల్లలు ఇక్కడ చాలామందిమి ఉన్నాం. స్కాలర్‌షిప్ వచ్చిందని సంతోషంగా దిగినవాళ్ళు మొదటి నెల స్నేహితుల గదిలో నేల మీద పడుకుంటారు. 2023 మేలో మిలాన్ పాలిటెక్నిక్ ఎదుట ఒక విద్యార్థిని అద్దెలు భరించలేక గుడారం వేసుకుంది. కొన్ని రోజుల్లోనే రోమ్‌తో సహా ఎన్నో ఊళ్ళ యూనివర్సిటీల ముందు గుడారాలు లేచాయి. సెలవులకొచ్చిన నీకు చవకైన పక్క కావాలి, సరే. చదువుకోడానికొచ్చిన నాకూ చవకైన పక్కే కావాలిగా బాబాయ్.

బాబాయి: ఈ మాట నాకు ముందే చెప్పి ఉండాల్సింది.

(బాబాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. మన పిల్లలు చదువుకోడానికి వెళ్ళిన ఊళ్ళకే మనం యాత్రకు వెళ్తున్నాం. ఈ రెండూ ఒకే గదికోసం పోటీ పడుతున్నాయన్న సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.)

బాబాయి: సరే, ఫ్లాటు తీసేశాను. మరి ఎక్కడ దిగమంటావు? హాస్టల్లో రెండంతస్తుల మంచాలెక్కే వయసు కాదు మాది.

అమ్మాయి: హాస్టళ్ళలో ఇద్దరికీ నలుగురికీ విడి గదులు కూడా ఉంటాయి, కానీ పోనీ. మీకు సరిగ్గా సరిపోయేవి సన్యాసినులు నడిపే అతిథి గృహాలు. కాజా పెర్ ఫెరియె అంటారు ఇక్కడ. మనకి కాశీలో తెలుగువాళ్ళ సత్రాలున్నట్టే అనుకో. రోమ్‌కి 1300లో పోప్ ఎనిమిదో బోనిఫాస్ మొదటి జూబిలీ ప్రకటించినప్పటి నుంచీ యాత్రికులు గుంపులుగా వస్తూనే ఉన్నారు. 1550 జూబిలీకి ఫిలిప్పో నేరి అనే గురువు పెట్టిన సంఘం దిక్కులేని యాత్రికులకి పక్కా తిండీ ఇచ్చి, కాళ్ళు కడిగి పంపేది. ఆ అలవాటే ఈ అతిథి గృహాల్లో కొనసాగుతోంది. రోమ్‌లో బోలెడున్నాయి, ఫ్లోరెన్స్‌లో ఉన్నాయి, అసీసీలో వీధికొకటి, వెనిస్ లోపలా ఉన్నాయి. నువ్వడిగిన చోటే, ఊరి నడుమనే. అదే వీధిలో హోటలుకన్నా సాధారణంగా చవక. రెండు విడి మంచాలు, ఒక బల్ల, గోడమీద శిలువ, ఉతికిన దుప్పట్లు. టీవీ ఉండదు. లోపల చెట్లున్న పెరడు. మీ మతమేంటని సాధారణంగా అడగరు.

బాబాయి: సత్రంలాగే నిబంధనలు కూడా ఉంటాయేమో.

అమ్మాయి: ఉంటాయి. చాలాచోట్ల రాత్రి పదిన్నర, పదకొండుకి తలుపులేసేస్తారు. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, నగదే. బుకింగ్ యాప్‌లలో అన్నీ కనిపించవు, ఈమెయిల్ రాయాలి. ఇటాలియన్‌లో నేను రాసిపెడతాను. జవాబుకి రెండు మూడు రోజులు పట్టినా ఓపిక పట్టు.

బాబాయి: ఒకటడుగుతాను, నొచ్చుకోకు. నువ్వు ఫ్లాట్ల కంపెనీలని తిట్టావు, ఈ మఠాలు మాత్రం పుణ్యాత్ములా? వాణిజ్యపు ఆస్తులకి కూడా చర్చి సంస్థలు పన్ను కట్టకుండా తప్పించుకున్నాయని పేపర్లో చదివాను. 2006 నుంచి 2011 దాకా ఇచ్చిన మినహాయింపు అక్రమ సాయం కాబట్టి, ఆ డబ్బు వసూలు చెయ్యడం కుదరదని ఊరుకోవడానికి వీల్లేదని 2018 నవంబరులో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. నీ లెక్కన చూస్తే ఇది మాత్రం న్యాయమా?

అమ్మాయి: న్యాయం కాదు. కట్టాల్సిన పన్ను కట్టాల్సిందే. ఆ విషయంలో నేను వాళ్ళని వెనకేసుకు రాను. కానీ నా లెక్క వేరే. ఆ భవనం నిన్నటిదాకా ఎవరో కాపురమున్న ఇల్లు కాదు, సన్యాసినులు ఉండే మఠం. వాళ్ళ సంఖ్య తగ్గి గదులు ఖాళీ అయితే వాటిని యాత్రికులకిస్తున్నారు. నువ్వు అక్కడ దిగితే ఏ విద్యార్థి గదీ పోదు, ఏ కుటుంబమూ ఊరు విడిచి వెళ్ళదు.

బాబాయి: వంటిల్లు?

అమ్మాయి: మఠాల్లో ఉండదు. అదొక్కటే మీకు ఇబ్బంది.

బాబాయి: ఒక్కటే అంటావేంటమ్మా! మా తోడల్లుడికి షుగరు. రెండుపూటలా పాస్తా, పిజ్జా పెడితే మూడోరోజుకే ఆసుపత్రి వెతుక్కోవాలి. నలుగురం రెండుపూటలా హోటల్లో తింటే, గదిలో మిగిలిందంతా అక్కడ పోతుంది. వంటిల్లనేది మా ఈడువాళ్ళకి విలాసం కాదు.

అమ్మాయి: నువ్వన్నది నిజమే. అందుకే టస్కనీలో వారం రోజులు వంటిల్లున్న చోటే దింపుతాను. రెండు దారులున్నాయి. ఒకటి రెసిడెన్స్. అది హోటలే, రిసెప్షనూ మనుషులూ ఉంటారు, గదిలో చిన్న వంటగది ఉంటుంది. ఇంకొకటి, ఇది నీకు నచ్చుతుంది, అగ్రితురిజ్మో. రైతు తన పొలంలో ఉన్న ఇంట్లోనే అతిథులకి గదులిస్తాడు. దానికి 1985లోనే చట్టం చేశారు, 2006లో కొత్తది వచ్చింది. వ్యవసాయమే ప్రధానంగా సాగాలి, అతిథుల పని దానికి తోడుగానే ఉండాలి. పొలం బీడు పెట్టి గదులు అద్దెకిచ్చుకుంటే ఆ పేరు పెట్టుకోనివ్వరు.

బాబాయి: నిజమా? అంటే మనం కట్టే డబ్బు రైతుకే వెళ్తుంది.

అమ్మాయి: అవును. ఆలివ్ తోటలు, ద్రాక్ష తోటలు, కొన్నిచోట్ల గొర్రెలు. భోజనం పెట్టే చోటైతే వడ్డించేదాంట్లో సొంత పంటా, ఆ చుట్టుపక్కల పంటా ఉండాలని నియమం. టస్కనీలో ఇవి చాలా ఎక్కువ. నడివేసవి తప్పిస్తే ధరలు దిగుతాయి.

బాబాయి: మా నాన్న కొబ్బరితోటలో పుట్టినవాణ్ణి. ఆలివ్ కాయ ఎలా దులుపుతారో చూడాలని నాకెప్పటి నుంచో ఉంది. ఇదొక్కటీ ఖాయం చెయ్యి.

అమ్మాయి: ఆగు, దీంట్లో చిక్కు కూడా చెప్తాను. చాలావాటికి బస్సు రోజుకి రెండు మూడే. కారు లేకపోతే కదల్లేరు. మన లైసెన్సుతోపాటు ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోవాలి. పాత ఊళ్ళ నడిబొడ్డులోకి బయటి కార్లు వెళ్ళకూడదు, కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా కాగితం తర్వాతెప్పుడో వస్తుంది. అందుకని రైల్వేస్టేషన్‌కి ఐదారు కిలోమీటర్లలోపు ఉండి, తామే వచ్చి తీసుకెళ్ళే రైతు కోసం వెతుకుదాం. అలాంటివాళ్ళు ఉంటారు. బుక్ చేసేముందే అడిగి రాయించుకోవాలి.

బాబాయి: ఎప్పుడు రమ్మంటావు? ఇక్కడ ఎండలు మండుతాయి కాబట్టి మేలో అనుకున్నాం.

అమ్మాయి: మే అందరూ వచ్చే నెల. సెప్టెంబరూ అంతే. ఈస్టర్, ఆగస్టు 15 చుట్టూ ఉన్న వారాలు ఆలోచించనే వద్దు, ఇటలీ వాళ్ళంతా రోడ్డు మీదే ఉంటారు. నవంబరులో రా. అవే గదులు, ధర చాలా తక్కువ. ఆలివ్ కోత కూడా అప్పుడే.

బాబాయి: చలి! వెనిస్‌లో నీళ్ళు పొంగేది కూడా నవంబరులోనేగా?

అమ్మాయి: పొంగేది. 2020 అక్టోబరు నుంచి సముద్రపు ముఖద్వారాల్లో మోజె అనే గేట్లు లేపుతున్నారు, మునుపటంత భయం లేదు. చలి మాత్రం ఉంటుంది. ఇక్కడ ఇళ్ళని వెచ్చచేసే హీటర్లకి కూడా క్యాలెండరుంది. మా వైపు అక్టోబరు 15 నుంచి, రోమ్‌లో నవంబరు 1 నుంచి వేస్తారు, ఏప్రిల్ 15కి ఆపేస్తారు. రోజుకిన్ని గంటలనీ ఉంటుంది కాబట్టి అర్ధరాత్రి గది చల్లబడుతుంది. మంకీ టోపీలు పెట్టె అడుక్కి కాకుండా పైన పెట్టుకోండి. చవక గదుల్లో ఏసీ ఉండకపోవచ్చు కాబట్టి, జూలైలో ఉడికిపోయేకన్నా నవంబరు నయం. ఇంకో మాట, నవంబరు 21న వెనిస్‌లో సలూతె పండగ. 1630లో వచ్చిన ప్లేగు పోయినందుకు మొక్కు. పెద్ద కాలువ మీద తాత్కాలికంగా వంతెన కట్టి, ఊరివాళ్ళంతా నడిచి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ ఒక్కరోజు వెనిస్‌లో వెనిస్ వాళ్ళని చూడొచ్చు. నువ్వు లోపల ఉంటానన్న రాత్రి అదే చేద్దాం.

బాబాయి: ఇప్పుడు దారికొచ్చావు. సరే, మొత్తం ఎంతవుతుందో కాగితం మీద వేసుకుంటాను. పైన ఇంకేమైనా పడతాయా?

అమ్మాయి: పడతాయి. ఊరి పన్ను. గది ధరలో కలవదు, చాలాచోట్ల దిగినప్పుడు చేతికివ్వాలి. తలకీ రాత్రికీ లెక్క. రోమ్‌లో 2023 అక్టోబరు నుంచి మూడు నక్షత్రాల హోటల్లో మనిషికి రాత్రికి ఆరు యూరోలు, నాలుగు నక్షత్రాలైతే ఏడున్నర. మూడు నక్షత్రాల లెక్కన మీరు నలుగురు నాలుగు రాత్రులుంటే తొంభై ఆరు యూరోలు. అది వేసుకోకపోతే నీ కాగితం తప్పుతుంది. పాస్‌పోర్టు అడిగి తీసుకుంటారు, కంగారుపడకు. ఎవరు దిగారో పోలీసులకి ఇరవైనాలుగు గంటల్లో తెలపాలని చట్టం.

బాబాయి: వీసా సంగతి? ప్రతి రాత్రికీ బస చూపించాలన్నారు. ఒక ఏజెంటు ఉత్తుత్తి బుకింగ్ కాగితాలిస్తానంటున్నాడు, ఐదొందలకి.

అమ్మాయి: వద్దు బాబాయ్, దయచేసి ఆ పని చెయ్యకు. ఫోన్ చేసి కనుక్కుంటే దొరికిపోతావు. తర్వాత ఏ వీసాకి వెళ్ళినా ఆ మచ్చ వెంటాడుతుంది. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే నిజమైన బుకింగే చేద్దాం. మఠాలూ రైతులూ ఉత్తరం రాసిస్తారు. వీసా రుసుమే తొంభై యూరోలు మనిషికి, తిరస్కరిస్తే వెనక్కి రాదు.

బాబాయి: అలాగే. ఇంతకీ, నవ్వకూడదు. పిన్ని అడగమంది. స్నానాలగదిలో నీళ్ళ సౌకర్యం ఎలా ఉంటుందట?

అమ్మాయి: ఇందులో నవ్వడానికేముంది? యూరప్‌లో పిన్నికి నచ్చే దేశం ఇదే అని చెప్పు. ప్రతి ఇంట్లో ఒక స్నానాలగదిలోనైనా కడుక్కోవడానికి బిడె అనే తొట్టి ఉండాలని 1975 నుంచి ఇక్కడ నిబంధన. చవక గదైనా సాధారణంగా ఉంటుంది.

బాబాయి: ఆ ఒక్క మాటకే పిన్ని బయల్దేరుతుంది. కానీ అమ్మలూ, ఫ్లాటు విషయంలో నేను పూర్తిగా మారలేదు. నీ గది కష్టం విన్నాక ఈసారికి మానేస్తున్నాను, అంతే. నాలాంటివాళ్ళు మానేస్తే ఆ కంపెనీలు మూతపడతాయని నేననుకోను. ప్రభుత్వమే చెయ్యాలి.

అమ్మాయి: ప్రభుత్వమే చెయ్యాలి. చేసేదాకా మనం ఎక్కడ పడుకోవాలో మన చేతిలో ఉంది.

ఇద్దరూ ఆ ఒక్క దగ్గర విడిపోయారు. పద్నాలుగు రాత్రులూ మాత్రం పంచేసుకున్నారు. రోమ్‌లో సన్యాసినుల అతిథిగృహం, టస్కనీలో స్టేషన్‌కి దగ్గరగా ఉన్న రైతు ఇల్లు, పాదువాలో సెయింట్ ఆంథొనీ బసిలికా దగ్గర యాత్రికుల బస, ఒక రాత్రి వెనిస్ లోపల. కోమో సరస్సూ అమాల్ఫీ ఈ యాత్రలో లేవు. నా తీర్పు అడిగితే, అమ్మాయి మాటే గెలవాలి, వెనిస్ రాత్రి ఒక్కటి మినహా. ఇటలీలో డబ్బు మిగిలేది తక్కువ ఊళ్ళలో ఎక్కువ రాత్రులు ఉంటేనే. నవంబరులో, ప్యాసింజరు రైలు ఆగే ఊళ్ళో, మనిషి ఎదురొచ్చి తలుపు తీసే చోట.

మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా అక్కడికి వెళ్తుంటే, ఏ గదికైనా డబ్బు కట్టేముందు దాని సిఐఎన్ నంబరు అడగండి. 2025 జనవరి 1 నుంచి ఇటలీలో యాత్రికులకు గది ఇచ్చే ప్రతి చోటుకీ ఆ నంబరు ఉండాలి, ప్రకటనలోనూ కనిపించాలి, గుమ్మం బయటా కనిపించాలి. అది లేకుండా అద్దెకిచ్చేవాళ్ళకి ఎనిమిదివందల యూరోల నుంచి ఎనిమిదివేల దాకా జరిమానా.